సవరణ: మా టీవీ ఆగిపోవడానికి కారణం ఓల్టేజీ కాదు

మొన్న మా పాత ఎల్‌సీడీ టీవీ పది నిమిషాలకోసారి దానంతటదే ఆగిపోతోందని రాస్తూ, ఇది లో ఓల్టేజీ గొడవే, స్టెబిలైజర్ పెడితే సరిపోతుందని చెప్పాను కదా, అది తప్పు. సరిగా చూసుకోకుండా రాసేశాను. స్టెబిలైజర్ కొని పెట్టినా అదే తంతు. నిన్న విజయనగరం గంటస్తంభం దగ్గర టీవీలు బాగుచేసే ఆయన వెనక మూత విప్పి చూపించారు: పవర్ బోర్డు మీద రెండు కెపాసిటర్ల (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బీల్లాంటి భాగాలు) నెత్తి పూరీలా ఉబ్బిపోయి ఉంది, ఒకదాని పక్కన ఏదో కారి ఎండిన మరక. అవి పాడైతే లోపల సప్లై నిలకడగా ఉండదు, దాంతో సెట్టు ఆగిపోతుందట. కొత్తవి వేసేటప్పుడు మైక్రోఫారడ్లు (ఎంత నిలవ ఉంచగలదో చెప్పే లెక్క) పాతవాటికి ఉన్నంతే ఉండాలి, ఓల్టులు అంతే ఉన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ మాత్రం వద్దు.

ఇంకోటి. "ప్లగ్ తీసేసి మీరే విప్పి చూడండి" అన్నది కూడా వెనక్కి తీసుకుంటున్నా. మన 230 ఓల్టుల కరెంటు ఆ బోర్డులో డీసీగా మారేసరికి 300 దాటుతుంది, ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో కాసేపు నిలిచే ఉంటుంది. పాత డబ్బా టీవీ అయితే అసలు ముట్టుకోవద్దు.

ముందు స్లీప్ టైమర్ (పెట్టిన టైముకి టీవీని దానంతటదే ఆపేసే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో చూడమన్న మాట మాత్రం అలాగే ఉంచుతున్నా.