దారి నేర్చుకోనివ్వండి

విశాఖలో ఏళ్ల తరబడి విమానం దించిన పైలట్‌కు అక్కడి కొండలు కంఠతా వచ్చు. ఎక్కడ ఎత్తు తగ్గించాలో, అదే రన్‌వే వాడే నేవీ వాళ్లతో ఎలా సర్దుకోవాలో, దిగడం కుదరకపోతే ఎటు తిప్పి పైకి లేపాలో ఆలోచించకుండానే చెయ్యి కదులుతుంది. విశాఖ విమానాల కోసం భోగాపురంలో కట్టిన కొత్త విమానాశ్రయం తెరుచుకున్న రోజు నుంచి ఆ అలవాటును పక్కన పెట్టాలి. 3.8 కిలోమీటర్ల కొత్త రన్‌వే, దగ్గర్లోనే సముద్రం, దిగే దారి వేరు, మళ్లీ లేచే దారి వేరు.

2026 జనవరి 4న ఢిల్లీ నుంచి తొలి పరీక్ష విమానం వచ్చి దిగినప్పుడు మేమూ అందరితో పాటే సంబరపడ్డాం. మరడపాలెం, ముడసర్లపేట లాంటి ఊళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలి ఇచ్చిన నేల అది. అక్కడ విమానం దిగితే ఎవరి గుండె పొంగదు! అయితే ఈ అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం గురించి మాటొస్తే టెర్మినల్ అందం, భూముల ధర, ఏ ఊరికి ఫ్లైటు పడుతుందన్నదే వినబడుతోంది. ఆ ఫ్లైటు నడిపేవారికి కొత్త పద్ధతి ఒంటబట్టడానికి ఎన్ని గంటలు కేటాయిస్తారన్న మాట ఎక్కడా వినబడదు.

రైల్వేలో ఇందుకు ఒక మంచి ఆనవాయితీ ఉంది. ఎంత అనుభవం ఉన్న లోకో పైలట్ అయినా కొత్త సెక్షన్‌లో బండి నడపాలంటే ముందు ఆ దారి తెలిసినవారి పక్కన కూర్చుని, రాత్రి ట్రిప్పుతో సహా, ఎక్కడ మలుపుందో ఎక్కడ సిగ్నల్ ఉందో చూసుకోవాలి. దారి నేర్చుకున్నానని సంతకం పెట్టాకే బండి చేతికిస్తారు. విజయనగరం జంక్షన్ చుట్టుపక్కల రైల్వే కుటుంబాల్లో దీన్ని ‘లెర్నింగ్ రోడ్’ అంటారు. దాన్ని వృథా ఖర్చని ఎవరూ అనరు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు రైళ్లు ఢీకొని 14 ప్రాణాలు పోయిన జిల్లా మనది. ఆటోమేటిక్ సిగ్నల్ పాడైనప్పుడు పాటించాల్సిన పద్ధతి పాటించలేదని తొలి విచారణ తేల్చింది. ఆ మాటకు బదులు చెప్పడానికి వెనక నుంచి ఢీకొట్టిన బండి నడిపినవారు బతికి లేరు.

ఆకాశంలో మార్పు ఇంకా వేగంగా వస్తుంది. దిగే దారుల చార్టులు, కాక్‌పిట్ కంప్యూటర్‌లోని సమాచారం 28 రోజులకోసారి మారుతుంటాయి. కొత్త చార్టు ట్యాబ్‌లోకి వస్తుంది, పైలట్ చదువుకుంటాడు. కిందికి దిగడం మొదలుపెట్టే ముందు ఇద్దరూ దాన్ని పైకి చదివి ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. అంతవరకూ బాగానే ఉంటుంది. వాన, ఎదురుగాలి, రేడియోలో మాట, వెనక ఇంకో విమానం ఒక్కసారి మీదపడ్డప్పుడు మాత్రం చదివింది కాదు, చెయ్యి అలవాటుపడిందే ముందుకొస్తుంది. అందుకే సిమ్యులేటర్‌లో, అంటే విమానం నడుపుతున్నట్టే ఉండే శిక్షణ యంత్రంలో కూర్చోబెట్టి పాత అలవాటును విడిపించాలి. బోయింగ్ 737 మ్యాక్స్‌లో కొత్తగా ఒక వ్యవస్థ పెట్టి, దాని సంగతి పైలట్ల మాన్యువల్‌లో రాయలేదు. 2018 అక్టోబరులో ఇండోనేసియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో ఆ విమానాలు కూలి, మొత్తం 346 మంది పోయారు.

నేర్చుకోవాలంటే నిద్ర ఉండాలి. 2010 మే 22న మంగళూరులో 158 మందిని బలిగొన్న విమానంలో కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని విచారణలో తేలింది. విమానం ఉండాల్సిన దానికన్నా ఎత్తులో ఉంది, మళ్లీ పైకి లేపుదామని పక్కనున్న కోపైలట్ మూడుసార్లు అన్నాడు. ఆ మూడు మాటలూ రికార్డయి ఉన్నాయి.

ఈ అలసటను తగ్గించడానికే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో డ్యూటీ నిబంధనలు మార్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలైంది, రాత్రి డ్యూటీలో ఆరు ల్యాండింగులు రెండుకు తగ్గాయి. వాయిదాలు పడి పడి, 2025 జులైలో కొన్నీ నవంబరులో మిగిలినవీ అమల్లోకి వచ్చాయి. సిద్ధం కావడానికి అంత గడువున్నా డిసెంబరు మొదటివారంలో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. జనం ఇబ్బంది నిజమే, పెళ్లిళ్లకూ పరీక్షలకూ అందుకోలేనివారి బాధ చిన్నది కాదు. అయినా, చివరికి సడలించింది పైలట్ల విశ్రాంతినే. 2026 ఫిబ్రవరి 10 దాకా ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. చాలినంతమంది పైలట్లను పెట్టుకోనిది యాజమాన్యమైతే, ఆ లోటు పైలట్ నిద్రలోంచి పూడ్చడం న్యాయం కాదు.

పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం బిడ్డ. ఆయన్ను అడిగే చనువు మనకుంది. మంత్రిగారూ, భోగాపురం పద్ధతులు నేర్చుకునే గంటలను డ్యూటీ గంటలుగా లెక్కకట్టమని విమాన సంస్థలకు చెప్పండి, సెలవు రోజున ట్యాబ్ చూసుకొమ్మని వదిలేయనివ్వకండి. విశ్రాంతి నిబంధనకు ఇంకో మినహాయింపు ఇవ్వకండి. తొలి నెలల్లో ఫ్లైట్ల సంఖ్య కాస్త తగ్గించి నడిపినా ఉత్తరాంధ్ర ఏమీ అనుకోదు. ఎన్నో ఏళ్లు ఆగాం, ఇంకో రెండు నెలలు ఆగలేమా? దిగబోయిన విమానాన్ని అనుమానం వచ్చి మళ్లీ పైకి లేపిన పైలట్‌ను, ఇంధనం ఎందుకు తగలేశావని ఏ ఆఫీసూ సంజాయిషీ అడగకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. ప్రారంభోత్సవం తేదీ ప్రకటించే రోజునే ఆ ఆదేశం కూడా వెలువడాలి.