పాట 25 కోట్లు, చేతికి 18

2025 డిసెంబరు 16, మంగళవారం అబుదాబిలో ఐపీఎల్ వేలం చూసినవారికి ఆస్ట్రేలియా ఆల్‌రౌండర్ కామెరూన్ గ్రీన్ పాట గుర్తుండే ఉంటుంది. రెండు కోట్ల కనీస ధర దగ్గర ముంబై మొదలుపెట్టింది, రాజస్థాన్ వచ్చి చేరింది, చివరికి కోల్‌కతా, చెన్నై పంతానికి పోయాయి. 25.20 కోట్ల దగ్గర సుత్తి పడింది. లీగ్ చరిత్రలో ఒక విదేశీ ఆటగాడికి ఇంత ధర పలకడం ఇదే మొదలు. టీవీ తెరల మీద అంకె మెరిసింది. కానీ పాట 18 కోట్లు దాటిన క్షణం నుంచి ఆ హాల్లో ఎవరు ప్యాడిల్ ఎత్తినా గ్రీన్‌కు అదనంగా దక్కింది ఒక్క రూపాయి కూడా లేదు. పైన పెరిగిన 7.20 కోట్లు బీసీసీఐవి. కోల్‌కతా పర్సు నుంచి, అంటే ఆటగాళ్ల కోసం జట్టు ఖర్చు పెట్టగల మొత్తం నుంచి మాత్రం పూర్తి 25.20 కోట్లు తరిగిపోయాయి. కొన్నవాడు మొత్తం కట్టాలి, అమ్ముడైనవాడు మొత్తం తీసుకోకూడదు, వేలం పెట్టినవాడు మధ్యలో ఏడు కోట్లు జేబులో వేసుకోవాలి. దీన్ని వ్యాపారం అనడానికి కూడా నోరు రావడం లేదు.

ఇది రహస్యమేమీ కాదు. 2025 నుంచి 2027 వరకు మూడు సీజన్లకు 2024 సెప్టెంబరులో ప్రకటించిన నిబంధనల్లోనే ఉంది. పెద్ద వేలాల మధ్య ఏళ్లలో జరిగేది చిన్న వేలం. అందులో విదేశీ ఆటగాడికి ఇచ్చే గరిష్ఠ మొత్తం, జట్టులో ఉన్న ఆటగాడిని అట్టిపెట్టుకోవడానికి నిర్ణయించిన గరిష్ఠ ధర 18 కోట్లను, అంతకుముందు పెద్ద వేలంలో పలికిన గరిష్ఠ ధరను పోల్చి, రెండింట్లో ఏది తక్కువైతే అంతకు మించకూడదు. పెద్ద వేలంలో రిషభ్ పంత్ 27 కోట్లు పలికాడు కాబట్టి తక్కువది 18. మిగిలింది ‘ఆటగాళ్ల సంక్షేమం’ పేరుతో బోర్డుకు. నిబంధన వచ్చాక జరిగిన తొలి చిన్న వేలం ఇదే, దాని దెబ్బ తిన్న తొలి ఆటగాడు గ్రీన్.

ఫ్రాంచైజీల వాదన లేకపోలేదు. విదేశీ స్టార్లు పెద్ద వేలానికి ముఖం చాటేసి, సరుకు తక్కువగా ఉండే చిన్న వేలానికి వచ్చి ధరలు పెంచేస్తున్నారని వారి ఫిర్యాదు. 2023 డిసెంబరు చిన్న వేలంలో ఆస్ట్రేలియా బౌలర్లు స్టార్క్ 24.75 కోట్లు, కమిన్స్ 20.50 కోట్లు పలికారు. ఫిర్యాదులో కొంత నిజముంది. అయితే పెద్ద వేలంలో పేరు ఇవ్వనివారిని మరుసటి ఏడాది రానివ్వరాదన్న నిబంధన ఆ రోగానికి వేరే మందుగా అదే ప్రకటనలో ఉంది. ఒకసారి అమ్ముడయ్యాక సరైన కారణం లేకుండా తప్పుకుంటే రెండేళ్ల నిషేధం కూడా ఉంది. దానికి ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్ ఇప్పటికే బలయ్యాడు. మందు వేశాక కూడా జేబు కోయడం ఎందుకు?

అసలు ఆ 18 కోట్ల అంకెకే నిలకడ లేదు. మన సన్‌రైజర్స్‌నే చూడండి. దక్షిణాఫ్రికాకు చెందిన హెన్రిక్ క్లాసెన్‌ను 23 కోట్లకు అట్టిపెట్టుకుంది. క్లాసెన్ విదేశీయుడు కాడా? లక్నో వెస్టిండీస్ బ్యాటర్ పూరన్‌కు 21 కోట్లు ఇచ్చింది. ఆయనదీ విదేశమే. గదిలో కూర్చుని ఫ్రాంచైజీ ఇష్టపడి ఇస్తే 23 కోట్లు తప్పు కాదు, బహిరంగ పాటలో నలుగురు పోటీపడి పెంచితే 18 దాటకూడదు. ధర ఎక్కువైపోతోందన్నదే బాధైతే 18 దగ్గరే పాట ఆపేయొచ్చు కదా? ఆపరు. పాట సాగాలి, టీవీలో ఉత్కంఠ పెరగాలి, అభిమాని టెన్షన్‌తో గోళ్లు కొరుక్కోవాలి. చివర్లో తేడా మాత్రం బోర్డుకు చేరాలి.

ఇక్కడే మా భయం. గ్రీన్ ఆస్ట్రేలియా వాడు, 18 కోట్లు వస్తున్నాయి, ఆయన కోసం మనమెందుకు కన్నీళ్లు పెట్టుకోవాలని చాలామందికి అనిపించవచ్చు. బుధవారం అడిలైడ్ టెస్టులో ఆయన రెండే బంతులాడి సున్నాకు వెనుదిరగ్గానే మన సోషల్ మీడియాలో పేలిన జోకులు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. సరిగ్గా ఆ నిర్లక్ష్యాన్ని చూసుకునే ఇలాంటి నిబంధనలు పుడతాయి. జనానికి జాలి లేనివాడి మీద మొదట ప్రయోగిస్తారు. ఎవరూ మాట్లాడకపోతే అది ఆనవాయితీ అవుతుంది. మార్కెట్ ఇచ్చిన ధరలో ఆటగాడి వాటా ఎంతో బోర్డే తేలుస్తుందన్న సూత్రాన్ని ఒకసారి ఒప్పుకున్నాక, అది విదేశీయుల దగ్గరే ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు? ఇదే వేలంలో చెన్నై ఇద్దరు కుర్రాళ్లను, ప్రశాంత్ వీర్‌ను, కార్తీక్ శర్మను చెరో 14.20 కోట్లకు కొంది. ఇద్దరి కనీస ధరా 30 లక్షలు. దేశానికి ఒక్క మ్యాచ్ ఆడనివారికి ఇంత డబ్బా అని అప్పుడే గొణుగుడు మొదలైంది. 2028 సీజన్‌కు ముందు కొత్త నిబంధనలు రాస్తారు. కొత్తవారికి అయిదు కోట్లే, మిగతాది సంక్షేమానికి అని ఒక వాక్యం కలపడానికి ఎంతసేపు? విదేశీయులకు పెట్టినప్పుడు మీరంతా ఒప్పుకున్నారుగా అంటారు. అప్పుడు ఏం చెబుతాం?

మనవాళ్లకు ఇప్పుడు దక్కేది కూడా మార్కెట్ ధరేమీ కాదు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024లో సన్‌రైజర్స్‌కు 303 పరుగులు చేసి, ఆ ఏడాది వర్ధమాన ఆటగాడి అవార్డు తెచ్చుకున్నాడు. ఆ సీజన్‌కు అతని జీతం 20 లక్షలు. రింకూ సింగ్ అదే ఏడాది 55 లక్షలకు ఆడాడు. ఆట పెరిగినా జీతం పెరగదు, ఎందుకంటే ఒప్పందాన్ని పొడిగించుకునే హక్కు ఫ్రాంచైజీది. ఆట తగ్గితే మాత్రం ఆ ఒప్పందానికి విలువ లేదు. వెంకటేశ్ అయ్యర్‌ను పోయినేడు 23.75 కోట్లకు కొన్న కోల్‌కతాయే ఒక్క సీజన్ తర్వాత వదిలేసింది. మంగళవారం బెంగళూరు ఏడు కోట్లకు తీసుకుంది. పడిపోయినప్పుడు మార్కెట్టే న్యాయం, పెరిగినప్పుడు మార్కెట్ అన్యాయమా? పెరిగినా తరిగినా నష్టం ఆటగాడి ఖాతాలోనే పడేలా లెక్క రాసుకున్నారు.

రవీంద్ర జడేజా సంగతి చూడండి. 2010లో రాజస్థాన్‌తో ఒప్పందం పొడిగించుకోకుండా వేరే ఫ్రాంచైజీతో బేరమాడాడని ఏడాదంతా ఆడనివ్వలేదు. కుర్రాడు తన ధర తాను మాట్లాడుకోవడం అప్పట్లో నేరం. అదే జడేజాను 2025 నవంబరులో చెన్నై అదే రాజస్థాన్‌కు పంపి, సంజూ శాంసన్‌ను తెచ్చుకుంది. ఈ చేతి మార్పిడిలో జడేజా జీతం 18 కోట్ల నుంచి 14 కోట్లకు తగ్గింది. ఆటగాడి అంగీకారంతోనే జరిగిందంటారు, కావచ్చు. ఫ్రాంచైజీలు మాట్లాడుకుంటే ‘ట్రేడ్’, ఆటగాడు మాట్లాడుకుంటే క్రమశిక్షణా రాహిత్యం. 2023లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లినప్పుడు ఫ్రాంచైజీల మధ్య ఎంత చేతులు మారిందో అధికారికంగా నేటికీ చెప్పలేదు. ఆటగాడి ధర పైసలతో సహా టీవీలో చూపిస్తారు, యజమానుల మధ్య లెక్క మాత్రం గుట్టు. నిబంధనలు కదలవనీ కాదు. అయిదేళ్లుగా అంతర్జాతీయ క్రికెట్ ఆడని భారత ఆటగాడిని కొత్తవాడిగా లెక్కించే పాత నిబంధనను తిరిగి తెచ్చారు. ఆ దారిలోనే చెన్నై ధోనీని నాలుగు కోట్లకు అట్టిపెట్టుకుంది. ఫ్రాంచైజీకి అక్కర పడితే రూల్ పుస్తకం ఎంతైనా వంగుతుంది.

ఆటగాళ్ల మార్కెట్ ఎలా ఉండాలో తెలియాలంటే అమెరికా బేస్‌బాల్ వైపు చూడాలి. అక్కడా డబ్బున్న క్లబ్బుల దూకుడు ఉంది, దానికి కళ్లెమూ ఉంది. జీతాల మొత్తం నిర్ణీత గీత దాటితే క్లబ్బు పన్ను కట్టాలి. 2024 సీజన్‌కు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అలా 10 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. ఆ భారం క్లబ్బుది. ఆటగాడి ఒప్పందంలోంచి ఒక్క సెంటు కోయరు. 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ పదిహేనేళ్లకు 76.5 కోట్ల డాలర్లు ఇస్తామని హువాన్ సోటోతో సంతకం చేయించుకుంటే, ఆ మొత్తం సోటోది. చిన్న ఊళ్ల అభిమానులు తిట్టుకున్నారు, ఆట పాడైపోతోందన్నారు. అయినా మధ్యలో లీగ్ చేయి పెట్టి ఇందులో కొంత మాది అనలేదు.

ఆ హక్కు ఊరికే రాలేదు. 1969లో సెయింట్ లూయిస్ క్లబ్బు తనను ఫిలడెల్ఫియాకు మార్చేస్తే, నేను ఇష్టం లేకుండా కొనీ అమ్మే ఆస్తిని కానంటూ కర్ట్ ఫ్లడ్ కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, అతని కెరీరూ పోయింది. కానీ 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో ఆటగాళ్లను జీవితాంతం కట్టేసిన ఆ క్లాజు కూలిపోయింది. 1980ల్లో యజమానులంతా కూడబలుక్కుని పాటలు తగ్గిస్తే అది కుమ్మక్కని తేల్చారు, చివరికి 28 కోట్ల డాలర్లు కక్కించారు. ఆ దేశంలో యజమానులు చాటుగా కూర్చుని చేస్తే శిక్ష పడిన పనిని మన దగ్గర నిబంధనల కాగితం మీద అచ్చేసి చేస్తున్నారు. 2026 డిసెంబరు 1తో బేస్‌బాల్ యజమానులకు, ఆటగాళ్ల యూనియన్‌కు మధ్య ఉన్న ఉమ్మడి ఒప్పందం గడువు తీరుతుంది. జీతాలకు పరిమితి పెట్టాలన్న మాట అక్కడా మొదలైంది. యూనియన్ కుదరదంటోంది. ఆట ఆగినా ఆగుతుంది. కానీ ఆటగాడు బల్లకు అవతలి వైపు కూర్చుని ఉంటాడు.

మన ఆటగాడు ఎక్కడ కూర్చుంటాడు? ఆడుతున్న క్రికెటర్లకు ఈ దేశంలో సంఘం లేదు. భారత క్రికెటర్ల సంఘం ఉంది, అది రిటైరైనవారిది. దాని ప్రతినిధికి ఐపీఎల్ పాలకమండలిలో ఒక కుర్చీ ఉంది. ఆటగాడి ధరలో ఏడు కోట్లు కోసుకునే నిబంధన వచ్చినప్పుడు ఆ కుర్చీ నుంచి వినిపించిన అభ్యంతరం మా చెవిన పడలేదు.

ఇక సంక్షేమం మాట. 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కుల ద్వారానే బోర్డుకు వచ్చేది 48,390 కోట్లు, సగటున ఏడాదికి 9,678 కోట్లు. పది జట్ల పర్సులు కలిపితే 1,250 కోట్లు. ఒక్క ప్రసారాల ఆదాయంతో పోల్చినా ఆటగాళ్ల జీతాలు రూపాయిలో 13 పైసలు. మ్యాచ్ ఫీజులు కలిపినా పెద్దగా మారదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఉమ్మడి ఒప్పందం ప్రకారం ఆదాయంలో ఆటగాళ్లకు చేరేది దాదాపు సగం. రూపాయిలో 87 పైసలు ఇవతలే ఉంచుకున్నవారు, సంక్షేమం పేరుతో ఆ 13 పైసల్లోకి మళ్లీ చేయి పెడుతున్నారు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే. రంజీ ఆటగాళ్ల మీద ప్రేమ ఉంటే బోర్డు తన ఖజానా నుంచి ఇవ్వాలి, ఎవరూ అడ్డుపడరు.

చేయాల్సినవి రెండున్నాయి. గ్రీన్ తాలూకు 7.20 కోట్లు ఎవరికి, ఎప్పుడు, ఏ పద్దు కింద ఖర్చు చేస్తారో బోర్డు బహిరంగంగా చెప్పాలి. వచ్చే వేలానికి ముందే ఈ కోతను ఎత్తేయాలి. పరిమితి కావాలనుకుంటే పాటకే పెట్టాలి, ఆటగాడి చెక్కుకు కాదు.

కామెంటరీ బాక్సుల్లో, స్టూడియోల్లో కూర్చున్న మాజీలకూ ఒక మాట. మంగళవారం గంటల తరబడి ఎవరి పర్సులో ఎంత మిగిలింది, ఏ జట్టుకు ఫినిషర్ కావాలి అని వేళ్ల మీద లెక్కలు వేశారు. తోటి ఆటగాడి 7.20 కోట్లు ఎటు పోయాయో అడగడానికి ఒక్కరికీ నోరు పెగల్లేదు. మీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది ఎవరో పాఠకులకు తెలియక కాదు. రేపు మీ అకాడమీలో చదివిన కుర్రాడి చెక్కులో ఇదే కోత పడిన రోజున మాత్రం అన్యాయమంటూ మైకు పట్టుకోకండి. మీ మౌనం ఇప్పుడే రికార్డయింది.