ఎవరు చంపారో చెప్పేయ్ అన్నా, టైమ్ లేదు

మా పిన్ని కొడుకు బిజీ. ఊరికే బిజీ కాదు, వాణ్ని చూసి ఇంకొకళ్లు నేర్చుకోవాల్సినంత బిజీ. మొన్న పండక్కి ఊరొచ్చి రెండ్రోజులున్నాడు, ఆ రెండ్రోజుల్లోనే ఇంట్లో గేదె ఈనింది, ఆ సంగతి వాడు బెంగళూరు తిరిగెళ్లాక ఫ్యామిలీ గ్రూపులో దూడ ఫొటో చూసి తెలుసుకున్నాడు. వయసు 25. మారతహళ్లిలో పీజీ, త్రీ షేరింగ్, రింగ్ రోడ్డు మీద ఆఫీసు. ఇంట్లో చిన్నోడంటాం. ఆఫీసులో ఏం చేస్తాడో పిన్నికి తెలీదు, బాబాయ్‌కి తెలీదు, వాడు చెప్పేదాన్ని బట్టి చూస్తే వాడి మేనేజర్‌కీ సరిగ్గా తెలీదు, కానీ వాడు బిజీ అని మాత్రం ముగ్గురికీ తెలుసు.

అలాంటి మనిషిని నేను పుస్తకం చదవమన్నా. తప్పే, ఒప్పుకుంటున్నా. శిక్ష ఏదైనా వేయండి, బెంగళూరు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర నిలబెట్టడం తప్ప.

పుస్తకమంటే మరీ కంగారుపడకండి, బొమ్మలదే. జపాన్ మాంగా. పేరు మాన్‌స్టర్, రాసి గీసినాయన నవోకి ఉరసవా. అసలు 18 వాల్యూములు, ఇప్పుడు ఇంగ్లీషులో రెండేసి కలిపి 9 లావు పుస్తకాలుగా దొరుకుతోంది. ఒక ఆదివారం చర్చ్ స్ట్రీట్‌లో షాపు తర్వాత షాపు మెట్లెక్కి దిగి మొదటిది పట్టుకుని, వాన పడుతుంటే చొక్కా లోపల పెట్టుకుని (క్యారీ బ్యాగ్‌కి వేరే డబ్బులన్నారు, నేను మాత్రం ఎక్కడ తగ్గుతా), తడిసి ముద్దయి తెచ్చి వాడి చేతిలో పెట్టా.

వాడు ముందు చూశాడు, వెనక చూశాడు, బొటనవేలితో ఒకసారి సర్రున తిప్పాడు, బ్యాంకులో క్యాషియర్ నోట్లకట్ట తిప్పినట్టు. తిప్పి అడిగాడు.

“ఎవరు చంపారు?”

“ఏంటి?”

“సస్పెన్స్ అన్నావుగా. ఎవరు చంపారో చెప్పేయ్ అన్నా, టైమ్ లేదు.”

కథేంటి అనలేదు. బాగుంటుందా అని కూడా అనలేదు. కొత్తావకాయ జాడీ మూత తీసి ముందు పెడితే “కారంగా ఉంటుందిగా, ఓకే నోటెడ్” అని లేచి చెయ్యి కడుక్కున్నాడు, అంతే. ఇంకో దారుణం ఏంటంటే ఈ కథలో ఎవరు చంపారనేది రహస్యమే కాదు. మొదటి పుస్తకంలోనే మనిషి కనపడతాడు, తానే చంపానని చెప్పేస్తాడు. అది తెలిశాకే అసలు భయం మొదలవుతుంది, ఎందుకంటే ఆ చంపేవాడు అరవడు, తొడ కొట్టడు, చాలా అందంగా ఉంటాడు, చాలా మర్యాదగా మాట్లాడతాడు, అవతలి మనిషి ఎక్కడ విరిగి ఉన్నాడో కనిపెట్టి అక్కడ వేలు పెట్టి మెల్లగా నొక్కుతాడు. ఇది నేనెలా చెప్పేది? “ఎవరు చంపారు” అన్న ప్రశ్నకి జవాబు చెప్పినా వాడికి మిగిలేది ఒక జర్మన్ పేరు, దాంతో వాడేం చేసుకుంటాడు, ఆధార్‌కి లింక్ చేసుకుంటాడా.

సరే, పుస్తకం తీసుకోలేదు. అక్కడితో వదిలేస్తే ఈ వ్యాసమే లేదు.

తర్వాతి శనివారం ఎలక్ట్రానిక్ సిటీలో మా వాళ్ల గృహప్రవేశం. చిన్నోడూ వచ్చాడు, ఎప్పుడొచ్చాడంటే సత్యనారాయణ వ్రతంలో అయిదు కథలూ అయిపోయి పంతులుగారు హారతి వెలిగిస్తుంటే వచ్చాడు, ప్రసాదం రెండుసార్లు పెట్టించుకున్నాడు. వచ్చేటప్పుడు ఇద్దరం ఒకే క్యాబ్. సాయంత్రం నాలుగున్నర. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మారతహళ్లి. బెంగళూరులో ఉన్నవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

సిల్క్ బోర్డ్ ముందర బండి ఆగింది. డ్రైవరన్న “స్వల్ప జామ్ సార్” అని ఇంజన్ ఆపేసి కాళ్లు చాపుకున్నాడు. అప్పుడు చిన్నోడు ఎంతో ప్రేమగా, “అన్నా, నువ్వు చెప్పావని ఆ మాన్‌స్టర్ చూసేస్తున్నా చూడు” అని ఫోన్ నా వైపు తిప్పాడు. 11 నిమిషాల వీడియో. 18 వాల్యూములు 11 నిమిషాల్లో ఎక్స్‌ప్లెయిన్డ్. దాన్ని మళ్లీ టూ ఎక్స్‌లో పెట్టాడు, ఎందుకంటే 11 నిమిషాలు కూర్చోవాలంటే కష్టం కదా, బండి ఎక్కడ కదిలిపోతుందో అని.

ఆ గొంతు మీరూ వినుంటారు. టూ ఎక్స్‌లో చుంచెలుక పెళ్లి మంత్రాలు చదివినట్టుంటుంది. “హాయ్ ఫ్రెండ్స్ వీడే మన హీరో పేరు టెన్మా జర్మనీలో పెద్ద డాక్టర్ కట్ చేస్తే తలలో బుల్లెట్ దిగిన ఒక పిల్లాడు మన హీరో వాణ్ని కాపాడేస్తాడు కట్ చేస్తే తొమ్మిదేళ్ల తర్వాత ఆ పిల్లాడే పెద్ద సైకో ఎలా ఉంది ఫ్రెండ్స్ ట్విస్టు!” నేను కిటికీలోంచి బయటికి చూశా. కట్ చేస్తే సిల్క్ బోర్డ్. మన హీరో డాక్టర్ పారిపోతున్నాడు, పోలీసులు వెంటపడ్డారు, కట్ చేస్తే సిల్క్ బోర్డ్. ఎక్కడో అనాథాశ్రమం, ఏవో ప్రయోగాలు, ఒక చెల్లెలు, కట్ చేస్తే పక్కన అదే వాటర్ ట్యాంకర్, దాని వెనక అదే నిమ్మకాయ, అదే మిరపకాయలు. దేశాలు దాటారు, మనుషులు చచ్చారు, మేం హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ సిగ్నల్ చూడలేదు. అయిదున్నర నిమిషాలకి వీడియో అయిపోయింది. “బాగుంది అన్నా” అన్నాడు, “కానీ ఎండింగ్ కొంచెం వీక్.” అని రీల్స్ తెరిచాడు. అగర, ఇబ్బలూరు, బెళ్లందూరు, కాడుబీసనహళ్లి, ప్రతి ఊరి దగ్గరా వాడి బొటనవేలు ఆడుతూనే ఉంది, ఒకడు దోసె మీద ఐస్‌క్రీమ్ వేస్తున్నాడు, ఒకావిడ అద్దం పగలగొడుతోంది, ఎందుకో చూసేలోపు పైకి తోసేశాడు. క్యాబ్ దిగేటప్పటికి రెండు గంటల పది నిమిషాలు. ఆ టైములో నేనైతే రెండు వాల్యూములు చదివేవాణ్ని. వాడు మాత్రం అయిదున్నర నిమిషాలు సేవ్ చేశాడు, ఏ లాకర్లో దాచాడో.

పోనీ దీన్నే బొమ్మల సీరియల్‌గా తీసిన అనిమే ఉంది కదా, చూడరా అన్నా. 74 ఎపిసోడ్లని చెప్పగానే “స్కిప్ లిస్ట్ పంపు” అన్నాడు. అయితే డెత్ నోట్ అని ఇంకో మాంగా ఉంది, చదువు, 12 వాల్యూములే, పేజీకో ఎత్తు పైఎత్తు అన్నా. అది మీమ్స్‌లో చూసేశాడట, చిప్స్ తినే సీన్ కదా అన్నాడు. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

ఇక్కడ బిజీ యువతకి ఒక చిన్న విషయం. ఈ మాన్‌స్టర్ వచ్చింది బిగ్ కామిక్ ఒరిజినల్ అనే పత్రికలో, నెలకి రెండుసార్లు వస్తుంది, 1994 చివర్లో మొదలై 2001 చివరిదాకా నడిచింది. అది పిల్లల పత్రిక కాదు, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లది. అంటే ఈ కథ రాసిందే తీరిక లేని మనుషుల కోసం! వాళ్లకీ మేనేజర్లున్నారు, వాళ్లకీ లాస్ట్ ట్రైన్ ఉంది. పదిహేను రోజులకో ముక్క తిని మళ్లీ పదిహేను రోజులు ఆకలిగా ఉండి, అలా ఏడేళ్లు లాక్కొచ్చారు. మనకి మాత్రం ఇది కొత్తా? మా అమ్మమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టుకుని వారపత్రికలో సీరియల్ చదివేది, సరిగ్గా హీరోయిన్ తలుపు గడియ తీసే దగ్గర ‘సశేషం’ అని ఉండేది, ఆ రచయితని బూతులు తిట్టి, వారమంతా పక్కింటావిడతో కూర్చుని ఆ తలుపు వెనక ఎవరుంటారో పంచాయితీ పెట్టేది. అమ్మమ్మకి అయిదుగురు పిల్లలు, రెండు గేదెలు. ఆవిడ బిజీ అన్న మాట వాడగా నేను వినలేదు.

మాంగాలో ఆ గడియ తీసే పని పేజీ చేస్తుంది. పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి కదా, తెరిచిన రెండు పేజీల్లో కన్ను చిట్టచివర ఆగేది ఎడమ పేజీ కింద మూల. తెలిసినవాళ్లు ఆ మూలలో ఒక చిన్న బొమ్మ పెడతారు, ఎవరో వెనక్కి తిరిగి చూస్తున్న మొహం, కళ్లు పెద్దవై. ఏం చూశాడో మనకి చూపించరు. పేజీ తిప్పాలి. మన వేలితో మనమే తిప్పాలి, తిప్పబుద్ధి కాదు, తిప్పకుండా ఉండలేం. ఆ అర సెకను కోసమే ఉరసవా లాంటోళ్లు నాలుగు పేజీల ముందు నుంచి కుట్ర పన్నుతారు. దాన్ని ఎక్స్‌ప్లెయిన్ ఎలా చేస్తావురా నాయనా, పక్కవాడికి తుమ్ము ఎక్స్‌ప్లెయిన్ చేసినట్టుంటుంది.

ఇదంతా నవ్వుతాలుకే అనుకోండి. నాకు ఎక్కడ కాలిందో చెప్తా.

ఆ వీడియోలో ఒకావిడ లేదు.

1986, డ్యుసెల్‌డార్ఫ్. బుల్లెట్ దిగిన పిల్లాడి కంటే ముందు ఇంకో కేసు ఉంటుంది. టర్కీ నుంచి వచ్చిన ఒక కూలీ, అతన్ని ముందు తీసుకొస్తారు. ఆపరేషన్ చెయ్యాల్సింది టెన్మా. ఈలోపు పేరున్న ఒక గాయకుణ్ని తెస్తారు, పైనుంచి డైరెక్టర్ హుకుం, నువ్వు ఈయన సంగతి చూడు. టెన్మా మారు మాట్లాడకుండా వెళ్తాడు. గాయకుడు బతుకుతాడు, అందరూ మెచ్చుకుంటారు, కూలీ చచ్చిపోతాడు. ఆ కూలీ భార్య ఆస్పత్రిలో డాక్టర్‌ని పట్టుకుని కొడుతూ ఏడుస్తుంది, నా మొగుడే కదా ముందొచ్చింది, ఎందుకు ముందు చెయ్యలేదు అని. టెన్మాకి పెళ్లి కుదిరిన అమ్మాయి, డైరెక్టర్ కూతురు, మనుషుల ప్రాణాలన్నీ ఒకటి కాదుగా అని మామూలుగా, చీర రంగు గురించి చెప్పినట్టు చెప్తుంది. మళ్లీసారి పిల్లాడు ముందొచ్చి మేయర్ వెనకొచ్చినప్పుడు టెన్మా పిల్లాడి దగ్గరికే వెళ్లాడంటే అందుకు. 18 వాల్యూములు ఆవిడ ఏడుపులోంచి పుట్టాయి. ఆవిణ్ని తీసేస్తే మిగిలేది హంతకుణ్ని కాపాడిన ఒక వెర్రి డాక్టరు, ఒక ‘ఎలా ఉంది ఫ్రెండ్స్ ట్విస్టు’. అయిదున్నర నిమిషాల్లో ఆవిడకి నాలుగు సెకన్లు ఇవ్వలేకపోయారు!

ఒరే చిన్నోడా, రెండేళ్ల కింద ఆ బెంచీ మీద కూర్చున్నది నువ్వు కాదురా? పొద్దున ఏడింటికి బాబాయ్ చేతిలో కాఫీ గ్లాసు జారింది, మూతి పక్కకెళ్లింది, ఎనిమిదింటికల్లా టౌన్‌లో ఆస్పత్రికి చేర్చాం. స్కాన్ తీస్తేగానీ ఇంజెక్షన్ ఇవ్వకూడదు, ఆ ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఇది ఆ రోజు నీకూ నాకూ గూగుల్ చెప్పింది. తర్వాతి నంబరు మనదే. అప్పుడే మూడు తెల్ల బళ్లొచ్చి ఆగాయి, ఎవరో లీడర్‌గారి మామగారట, గుండెలో మంట. ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. తర్వాత మెషిన్ సెట్ చేస్తున్నామన్నారు, తర్వాత టెక్నీషియన్ టిఫిన్‌కెళ్లాడన్నారు. మామగారికి గ్యాస్ అని తేలింది, నవ్వుకుంటూ నడిచెళ్లిపోయాడు. మనకి పన్నెండింటికి స్కాన్. టైమ్ దాటిపోయిందమ్మా ఇప్పుడివ్వలేం అన్నారు. మీ అమ్మ ఆ తలుపు దగ్గర నిలబడి, గట్టిగా కూడా కాదు, “మేం ముందొచ్చాం కదయ్యా, మేం ముందొచ్చాం కదా” అని వచ్చేపోయే ప్రతి నర్సుకీ, చివరికి ఊడ్చే మనిషికి కూడా చెప్పింది. నువ్వప్పుడు ఆ బెంచీ మీద ఆఫీస్ కాల్‌లో ఉన్నావు. లీవ్ పెట్టినోడికి ‘క్విక్ కాల్’. ఫోన్ మ్యూట్‌లో పెట్టి ఏడుస్తున్నావు, మ్యూట్ తీసి “యస్ యస్, ఆన్ ఇట్” అంటున్నావు. బాబాయ్ ఎడం చెయ్యి ఇప్పటికీ పెట్టిన చోటే ఉంటుంది. నీకు టైమ్ లేదా? ఉన్న టైమంతా ఎవడికిచ్చావురా నువ్వు, వాడేమైనా రసీదు ఇచ్చాడా?

ఇవన్నీ క్యాబ్‌లో అనలేదు లెండి. డ్రైవరన్న ముందు ఏం బాగుంటుంది. “వీడియో అయిపోయిందా” అన్నా, అంతే. దిగేటప్పుడు పుస్తకం మాత్రం వాడి బ్యాగ్‌లోకి తోసేశా, చూస్తే మళ్లీ తీసిచ్చేస్తాడని సైడ్ జిప్‌లోకి.

మూడు వారాలకి తెచ్చిచ్చాడు. చదివావా అంటే “ఆ, కొంచెం” అన్నాడు, ఏమీ చెప్పలేదు, ఆఫీసులో స్టాండప్ మీటింగ్ ఉందని వెళ్లిపోయాడు. ఈ కథలో లుంగె అని ఒక పోలీసాయన ఉంటాడు, గాల్లో కీబోర్డ్ ఉన్నట్టు వేళ్లాడిస్తూ చూసిందల్లా బుర్రలో టైప్ చేసుకుంటాడు. నేనూ పుస్తకం ముందేసుకుని కూర్చున్నా. మొదటి పేజీల మీద చిప్స్ నూనె, బొటనవేలి ముద్రలు, అంటే తెరిచాడు, పైగా సరైన వైపు నుంచే తెరిచాడు. టర్కీ ఆవిడ డాక్టర్‌ని పట్టుకునే పేజీ అంచున సాంబారు మరక, పసుపు కంటే గోధుమరంగు ఎక్కువ, అంటే బెల్లం వేసిన పీజీ సాంబారే, అందులో ఒక ఆవగింజ అతుక్కుని ఎండిపోయి ఉంది. గోటితో గీకినా రాలేదు.

ఆ తర్వాతి పేజీలన్నీ చివరిదాకా శుభ్రంగా ఉన్నాయి. అక్కడితో చదవడం ఆపేశాడో, తినడం ఆపేశాడో తేలట్లేదు. అడగలేదు నేను. రెండో పుస్తకం బ్యాగ్‌లో వేసుకుని తిరుగుతున్నా.