కాణిపాకం ప్రమాణం మీద నవ్వేవాళ్ళకు, ప్రమాణం ఒక్కటే చాలనేవాళ్ళకు

తాగుబోతుల్ని కాణిపాకం తీసుకుపోయి ఒట్టు పెట్టించడం మీద మళ్ళీ ఒక మీమ్ తిరుగుతోంది. వినాయకుడు డీ-అడిక్షన్ సెంటర్ తెరిచినాడట. పెట్టినవాళ్ళూ నవ్వినవాళ్ళూ మనవాళ్ళే, తిరుపతిలో చదువుకుని బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు. ఇంకోపక్క మా బంధువుల వాట్సాప్ గ్రూపు. అక్కడేమో ‘స్వామి ముందు ప్రమాణం చేయించినాం కదా, ఇంక డాక్టరెందుకు’ అంటారు. నాకు ఇద్దరితోనూ తగాదా ఉంది. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటే చదవండి.

ముందు నవ్వేవాళ్ళ సంగతి. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు చెప్పిన మాట తప్పితే ఊరికే పోదని చిత్తూరు జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దొంగతనం పంచాయితీ తేలకపోతే ‘కాణిపాకం వస్తావా?’ అంటారు. చాలామంది అక్కడికక్కడే నిజం ఒప్పేసుకుంటారు. ఈ భయం తాగేవాడికి అక్కరకొచ్చేది గుడిలో కాదు, సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పడినాక. పక్కనున్నోడు ‘ఒక్క క్వార్టర్, రా మామా’ అంటాడు. ఒంట్లో బాగాలేదంటే వినడు. మానేసినానంటే ‘ఎన్నాళ్ళులే’ అని నవ్వుతాడు. ‘కాణిపాకంలో ప్రమాణం చేసినా మామా’ అంటే మాత్రం వాడే గ్లాసు పక్కకు జరుపుతాడు, ఒకడి చేత ఒట్టు తప్పించిన పాపం తనకెందుకని. పరువు పోకుండా వద్దనడానికి మనిషికి ఒక దారి దొరికింది. పదిమందిలో వద్దనడం ఎట్లాగో నేర్పించడానికే కౌన్సెలింగ్‌లో నానా తంటాలు పడతారు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలో మొదలైంది. మానడానికి అది చెప్పే పన్నెండు మెట్లలో చాలావాటిలో దేవుడున్నాడు. దాని మీద మీమ్ ఎవరూ చేయరే?

అయ్యప్ప మాల వేసుకున్నోణ్ణి చూడండి. మండలం 41 రోజులు చుక్క ముట్టడు. నిన్నటిదాకా ఒరే అని పిలిచిన సొంత అన్న కూడా ‘స్వామీ’ అంటాడు. పెండ్లాం తెల్లవారకముందే లేచి నీళ్ళు తోడి పెడుతుంది, ఇంటి పక్కవాళ్ళు పిలిచి భిక్ష పెడతారు. శబరిమల పోయొచ్చి మాల తీసిన మరునాటి నుంచి మళ్ళీ పాత పిలుపులు, పాత చూపులు. వాడు బ్రాందీ షాపు దారి పడితే ‘మాల వేసినా మారలేదు’ అంటాం. 41 రోజులు ఇచ్చిన మర్యాదను 42వ రోజు ఎందుకు లాగేసుకున్నామో మనల్ని మనం అడగం. తాగుడైనా, ఇంకో మనోవ్యాధైనా, తగ్గిందని నేను అనేది మనిషికి ఇంట్లో, వీధిలో మళ్ళీ చోటు దొరికినప్పుడే. ఆ చోటు ఇచ్చేవి మన ఆచారాలు. చాలాసార్లు లాగేసుకునేవీ అవే.

ఇదంతా నా ఊహ అనుకుంటే, తమిళనాడులో ఒక ముత్తుస్వామి గుడిలో ఉండే మనోరోగుల్ని బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్ వైద్యులు గమనించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసినారు. 31 మంది, కొన్ని వారాలు, తోడుగా ఇంటి మనిషి. మందుల్లేవు, కొట్టడాల్లేవు, గుడి పనులు చేసుకుంటూ ఉన్నారంతే. రోగ లక్షణాల కొలతలో దాదాపు 20 శాతం తగ్గుదల కనిపించింది. భయపెట్టని, ఆదరించే చోటు దొరకడమే దానికి కారణం కావచ్చన్నారు. 31 మందిని చూసి గుడి ఉంటే చాలనుకోకూడదు, నిజమే. అట్లని కొట్టిపారేయడానికీ లేదు. మనవాళ్ళు సందు దొరికితే పరుగెత్తే రాయవేలూరు సీఎంసీ కూడా 1957లో బాగాయంలో మానసిక ఆసుపత్రి పెట్టినప్పటి నుంచి రోగి పక్కన ఇంటివాళ్ళను ఉండనిచ్చిందే.

ఇప్పుడు మా బంధువుల వైపు వస్తాను.

మా చిన్నాయన ఏళ్ళ తరబడి పొద్దున లేస్తానే తాగే మనిషి. చిన్నమ్మ ఏడ్చి మొత్తుకుని కాణిపాకం తీసుకుపోయింది. ప్రమాణం చేసి వచ్చిన రాత్రికే చేతులు వణికి కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయినాడు. మరునాడంతా చెమటలు, కంటి మీద కునుకు లేదు. ఆ తర్వాత గోడ మీద చీమల బారు పోతోందని టవలు తీసుకుని తుడవడం మొదలుపెట్టినాడు. ఉత్త గోడ. తుడిచిన చోటే తుడుస్తాడు, టవలు దులుపుతాడు, మళ్ళీ తుడుస్తాడు. చచ్చిపోయిన తాత వాకిట్లో నిలబడినాడని లేచి దండం పెట్టినాడు. మనసులో ఒకటి పెట్టుకుని ఒట్టేసినాడు, స్వామి కోపం అన్నది మేనత్త. గాలి సోకిందని ఇంకొకరు వేప మండలు తెచ్చినారు. ఫిట్స్ వచ్చినాక గానీ ఆటో ఎక్కించలేదు.

అది స్వామి కోపం కాదు. రోజూ విపరీతంగా తాగే ఒంటికి మద్యం ఒక్కసారిగా ఆగితే జరిగేది అదే. కొన్ని గంటల్లో వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, తామెక్కడున్నారో తెలియదు. డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వదిలేస్తే ప్రాణం పోవచ్చు. వేళకు చూపిస్తే డయాజెపామ్ లాంటి మందు ఇచ్చి కొన్ని రోజుల్లో మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు, బి1 విటమిన్ ఎక్కిస్తారు. 

ఆసుపత్రి మాత్రం తక్కువ తిన్నదా? ఏ ఆసుపత్రో ఎందుకులే. డ్యూటీలో ఉన్నాయన ‘ఒళ్ళు తెలియకుండా తాగేది, తర్వాత మా మీద పడేది’ అని చిన్నమ్మను కసిరినాడు. ‘తాగలేదు సార్, మానేసినందుకే ఇట్లయింది’ అని ఆమె చెప్పబోతే వినే తీరిక లేదు. ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటున్నారు, ఏం మొక్కుకున్నారు అని ఒక్కరూ అడగలేదు. అమెరికా మానసిక వైద్యులు 2013లో తమ రోగ నిర్ధారణ పుస్తకంలోనే ఇట్లాంటి 16 ప్రశ్నలు చేర్చుకున్నారు, మీ బాధకు కారణం ఏమనుకుంటున్నారు, మీవాళ్ళు ఏమంటున్నారు అని. మన ఓపీ క్యూలో 16 అడగలేరు సరే, ఒకటి అడగండి.

అడిగిన డాక్టరు తర్వాత తిరుపతిలో దొరికినాడు. అప్పటికి చిన్నాయన ఒక పెండ్లిలో తాగి ఒట్టు తప్పినాడు. ఇంక స్వామి ఎట్లాగూ వదలడు, తాగితేనేం తాగకుంటేనేం అని దాచుకుని తాగడం. ఒట్టుతో వచ్చే చిక్కు ఇదే, ఒకసారి జారితే లేవడానికి మెట్టు ఉండదు. ఆ డాక్టరు కథంతా విని, ‘వినాయకుడు గుంజీళ్ళు తీస్తే వదిలేసే దేవుడు కదన్నా? పోయి తీసి మళ్ళీ చెప్పుకో. సోమవారం మాత్రల చీటీతో నా దగ్గరికి రా’ అన్నాడు. చిన్నాయన పోయినాడు, తీసినాడు, సోమవారం వచ్చినాడు. ఆ తర్వాత కూడా జారినాడనుకోండి, కానీ దాచుకోలేదు.

అందరికీ గుడే దారి అని చెప్పడం లేదు. మా వీధిలో ఒకామెను చిన్నప్పుడు దయ్యం పట్టిందని వేప మండలతో ఒళ్ళు వాచేలా కొట్టించినారు. ఇప్పటికీ ఆమె జాతర డప్పు వినిపిస్తే తలుపేసుకుంటుంది. ఆమెను మొక్కుకోమని చెప్పేవాడికి బుద్ధి లేదు. తమిళనాడులో దర్గా దగ్గర మనోరోగుల్ని ఉంచిన ఎర్వాడి మరిచిపోకండి, 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయినారు. మనోరోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం పూర్తిగా నిషేధించింది. ఏ ఆచారమైనా అడగాల్సింది ఆ మనిషికి దానితో ఏం జరిగిందని.

కాణిపాకం కోనేటి దగ్గర ఒక బోర్డు పెట్టించమని దేవస్థానం వాళ్ళను అడుగుతున్నా. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ప్రమాణానికి ముందే డాక్టరుకు చూపించుకోండి అని, అంతే. పూజారి నోట వస్తే ఇంకా మంచిది. మద్యం సమస్య ఉన్నవాళ్ళలో నూటికి 85 మందికి పైగా వైద్యం అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. వాళ్ళు ఆసుపత్రికి రావడం లేదు. గుడికి వస్తున్నారు.

బోర్డు వచ్చేదాకా, మీ ఇంట్లో ఎవరైనా ప్రమాణానికి పోతుంటే పోనీయండి, వెంట పోండి. పోయే ముందే డాక్టరును కలవండి. కుదరకపోతే మొదటి నాలుగైదు రోజులు ఒంటరిగా వదలొద్దు. వణుకు ఎక్కువైనా, మాట తేడాగా వస్తున్నా ఆసుపత్రికి తీసుకుపోండి, ఫిట్స్ వస్తే 108 పిలవండి. ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ లేదు.