యూనివర్సిటీల్లో ఆగిపోయిన ఆవిష్కరణలను మన ఊళ్ళకు చేర్చేదెవరు?

అమెరికాలో మన తెలుగు సంఘం ఈసారి జరిపిన మహాసభల్లో రెండో రోజు మధ్యాహ్నం జరిగింది మీలో చాలామంది చూసి ఉండరు. ఆ సమయానికి పెద్ద హాలులో సినిమా వాళ్ళ కార్యక్రమం నడుస్తోంది. కింది అంతస్తులో ఒక చిన్న గదిలో మేం కొందరం ఒక సదస్సు పెట్టుకున్నాం. అమెరికా యూనివర్సిటీల్లో పుట్టిన వైద్య ఆవిష్కరణలను మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఎలా చేర్చవచ్చన్నది విషయం. ముప్పావు గంట ఇస్తామన్నారు. మాకంటే ముందు జరిగిన ప్లాట్ల ప్రదర్శన సాగి సాగి మాకు పది నిమిషాలు మిగిలింది. దర్శి దగ్గరి దంపతుల కూతురు, ఇక్కడే పుట్టి పెరిగి యూనివర్సిటీ ల్యాబులో పరిశోధన చేస్తున్న పిల్ల, రాత్రంతా కూర్చుని తెలుగులో చెప్పడం సాధన చేసుకుని వచ్చింది. మూడో స్లయిడ్ దగ్గరే ఆపించారు. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, ఫోటో తీశారు.

అంతవరకూ సర్దుకోవచ్చు. సభలన్నాక ఆలస్యాలు తప్పవు. కానీ చివర్లో మైకు అందుకున్న ఒక పెద్దాయన ఆ అమ్మాయితో, "బాగుంది తల్లీ. అయితే ఇవన్నీ కంపెనీలు చూసుకునే పనులు. మనది సేవ" అన్నారు. ఆయన ఎన్నో ఏళ్ళు సంఘానికి చాకిరీ చేసిన మనిషి, నేను గౌరవించే మనిషి. గదిలో చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి తలవంచుకుని ల్యాప్‌టాప్ మూసుకుంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను యూనివర్సిటీ లైసెన్సింగ్ ఆఫీసులో పనిచేస్తాను. ల్యాబులో ఒక ప్రొఫెసరో, విద్యార్థో కొత్తది కనిపెడితే ముందు మా దగ్గరికి వస్తారు. మేం కాగితాలు తీసుకుంటాం, పేటెంటు వేయిస్తాం, రహస్యాలేవీ బయటపడకుండా ఒక పేజీ సారాంశం రాసి "లైసెన్సుకు సిద్ధం" అని ప్రకటిస్తాం. ఏదైనా కంపెనీ వచ్చి తీసుకుంటే మందో, పరికరమో, పరీక్షో అవుతుంది. ఎవరూ రాకపోతే అక్కడే ఉంటుంది. చాలా వాటి కోసం ఎవరూ రారు. కొత్త విషయం పనికిరానిదై కాదు, దాని మీద లాభం లెక్క తేలక. పేదవాళ్ళకు వచ్చే జబ్బులకు సంబంధించినవైతే మరీను.

ఈ పద్ధతి ఇంతగా పెరిగింది 1980లో అమెరికాలో వచ్చిన బే-డోల్ చట్టంతో. అంతకుముందు ప్రభుత్వ డబ్బుతో జరిగిన పరిశోధన మీద హక్కు ఎక్కువగా ప్రభుత్వానికే ఉండేది, పేటెంట్లు బీరువాల్లో పడి ఉండేవి. ఆ చట్టం హక్కును యూనివర్సిటీలకు ఇచ్చింది. దాంతో బయటికొచ్చిన మందులు, పరికరాలు ఎన్నో ఉన్నాయి. అందులో మన పన్ను డబ్బూ ఉంది. ఈ దేశంలో పన్ను కడుతున్న ప్రతి తెలుగు కుటుంబమూ ఆ ల్యాబులకు ఎంతో కొంత ఇస్తూనే ఉంది. ఇది కంపెనీల పనే, మనది కాదు అని నేను ఒప్పుకోలేకపోవడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం మా పెద్దమ్మ వాళ్ళ ఊరు.

పొదిలికీ కనిగిరికీ మధ్య చిన్న పల్లె అది. నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఇంటి ముందు చేతిపంపు, వేపచెట్టు, సాయంత్రమైతే సజ్జరొట్టె, గోంగూర పచ్చడి. ఆ రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. ఆ పంపు నీళ్ళంటే మా పెద్దమ్మకు గర్వం. పక్క వీధి వాళ్ళు కూడా బిందెలు తెచ్చుకుని అక్కడే పట్టుకునేవాళ్ళు. మా పెదనాయన నలభై దాటకముందే మెడ తిప్పలేకపోయేవాడు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. తర్వాత నడుం వంగింది. ఆకాశం చూడాలంటే ఆయన మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. అందరూ వాతం అనుకున్నారు. ఆముదం రాశారు, కనిగిరి తీసుకెళ్ళి నొప్పి సూదులు వేయించారు. ఊళ్ళో ఆడపిల్లలు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు, పళ్ళ మీద గోధుమరంగు గార. సంబంధాలు చూడటానికి వచ్చినవాళ్ళు ముందు పళ్ళే చూసేవాళ్ళు.

అది ఫ్లోరోసిస్ అని, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బని మా ఇంట్లో తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. కానీ వైద్య శాస్త్రానికి ఎప్పుడో తెలుసు. మన దేశంలో ఈ జబ్బును మొట్టమొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక ప్రకాశంలోకి వచ్చాయి. ఎముక ఒకసారి వంగిపోయాక వెనక్కి తెచ్చే మందు లేదు. మంచి నీళ్ళు ఇవ్వడమే మార్గం. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని నేను చదువుకునే రోజుల నుంచీ వింటున్నాను.

ఇక్కడి మా ఊరివాళ్ళం చందాలు వేసుకుని అక్కడ ఆర్వో ప్లాంటు పెట్టించాం. దాతల పేర్లతో పాలరాతి ఫలకం, రిబ్బన్ కటింగ్ ఫోటో, అన్నీ జరిగాయి. తర్వాత ఒకసారి వెళ్తే షట్టరుకు తాళం వేసి ఉంది. "మెంబ్రేన్ పోయిందంట నాయనా. మార్చే డబ్బు ఎవరియ్యాలని తగువులాడుకుంటా ఉండారు" అంది పెద్దమ్మ, అదే పంపు నీళ్ళు నాకు గ్లాసులో పోసిస్తూ. ఆ నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపించాను. ఊరి చివర చెరువు పక్కన ఉన్న బోరు నీళ్ళూ పంపించాను. ఫలితాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. పెద్దమ్మ పంపులో ఫ్లోరైడ్ పరిమితికి ఎన్నో రెట్లు ఉంది. చెరువు పక్క బోరులో పరిమితి లోపలే. ఇన్నేళ్ళూ ఊళ్ళో మంచి నీళ్ళు ఉన్నాయి. ఏవి మంచివో ఎవరికీ తెలియదు.

ఫ్లోరైడ్ తంటా అదే. రంగు లేదు, వాసన లేదు. రాతినేలలో ఒక బోరుకూ పక్క బోరుకూ పొంతన ఉండదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ సంగతి వాకిట్లో నిలబడి తేల్చుకోగలిగితే సగం సమస్య తీరుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి చెప్పబోయి ఆగిపోయిన మాట వినండి. 2012లో యేల్ యూనివర్సిటీలో రోనాల్డ్ బ్రేకర్ బృందం ఒక విషయం కనిపెట్టింది. కొన్ని బ్యాక్టీరియాల్లో ఫ్లోరైడ్‌ను పసిగట్టే ఒక ఆర్‌ఎన్‌ఏ స్విచ్ ఉంటుంది. ఫ్లోరైడ్ తగలగానే అది మారుతుంది. తర్వాత నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జూలియస్ లక్స్ బృందం ఆ స్విచ్చును పొడిగా ఆరబెట్టి చిన్న గొట్టంలో పెట్టింది. నీళ్ళు వేస్తే చాలు, ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపు రంగు వస్తుంది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. దీన్ని బయట మొదట పరీక్షించింది కోస్టారికాలో, అగ్నిపర్వతం దగ్గరి నీళ్ళతో. 1937 నుంచీ శాస్త్రానికి తెలిసిన మన పల్లెలుండగా కోస్టారికా వెళ్ళారు. వాళ్ళ తప్పేం లేదు. రమ్మని పిలిచినవాళ్ళు మనలో లేరు.

మన వైపు చెయ్యి అందించేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పిస్తున్నారు. ఒంగోలులో, నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. పరికరాలు తయారు చేయాలంటే విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. కొత్త ఆలోచనకు కేంద్ర సంస్థ బైరాక్ 50 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. ఈ కొసకూ ఆ కొసకూ ముడి వేసే మనిషి లేడు, అంతే.

లైసెన్సు అనగానే కోట్ల వ్యవహారం అని భయపడతారు. అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను. పేటెంటు ఏ దేశానికి ఆ దేశానిదే. అంతర్జాతీయ దరఖాస్తు వేస్తే, మొట్టమొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల లోపు ఇండియాలో అడుగుపెట్టాలి. ఖర్చు దండగని చాలా యూనివర్సిటీలు ఆ గడువు వదిలేస్తాయి. వదిలేస్తే ఆ వస్తువును ఇండియాలో తయారు చేసి అక్కడే అమ్ముకోవడానికి ఆ పేటెంటు అడ్డు రాదు. కావలసిందల్లా తయారీ మెళకువ తెలిసిన మనిషి. ఆ మనిషి చాలాసార్లు పీహెచ్‌డీ అయ్యాక ఆ ల్యాబులో పరిశోధన చేస్తున్న మన తెలుగు పోస్ట్‌డాకే. ఇక పేటెంటు ఇండియాలో ఉన్న చోట, లైసెన్సులో ఒక షరతు పెట్టించవచ్చు. పేద దేశాల్లో తక్కువ ధరకు అమ్మాలని, లేదా అక్కడ వేరే తయారీదారుకు అవకాశం ఇవ్వాలని. 2007లో అమెరికా యూనివర్సిటీలే కూర్చుని రాసుకున్న తొమ్మిది సూత్రాల్లో చివరిది ఇదే. అయితే కనిపెట్టినవాళ్ళు గట్టిగా అడిగితేనే మా ఆఫీసుల్లో ఆ షరతు రాస్తారు. కాగితం మీద సంతకాలు అయ్యాక అడిగి సాధించడం చాలా కష్టం.

అయినా గట్టిగా అడిగితే ఏమవుతుందో 2001లో యేల్ చూపించింది. స్టావుడిన్ అనే ఎయిడ్స్ మందు హక్కు ఆ యూనివర్సిటీది, అమ్మేది బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్. విద్యార్థులు నిలదీశారు, మందు మీద పనిచేసిన ప్రొఫెసర్ విలియం ప్రూసాఫే వాళ్ళ పక్షాన పత్రికలో రాశారు. దక్షిణాఫ్రికాలో పేటెంటును అడ్డం పెట్టబోమని కంపెనీ ప్రకటించింది. మనకు దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. 2022 మార్చిలో మన ఊళ్ళలో 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వేసిన కోర్బెవ్యాక్స్ టీకా హ్యూస్టన్‌లోని టెక్సస్ చిల్డ్రన్స్ ఆస్పత్రి, బేలర్ వైద్య కళాశాలల్లో పుట్టింది. పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీ దాని మీద పేటెంటే తీసుకోలేదు. హైదరాబాదులోని బయలాజికల్-ఇ చేతిలో పెట్టారు. నెల్లూరు బడిలో చెయ్యి చాచిన పిల్లకు అది అందింది. అది సేవ కాదని ఎవరనగలరు?

అదే హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ వాళ్ళు ఊపిరాడని పసిబిడ్డల కోసం తక్కువ ఖర్చుతో పూమానీ అనే శ్వాస పరికరం చేశారు. చేపల తొట్టెల్లో వాడే పంపులతో మొదలైన ఆలోచన అది. ఆఫ్రికాలోని మలావీలో వాడి చూస్తే, ఉత్త ఆక్సిజన్ ఇచ్చిన బిడ్డల్లో నూటికి 44 మంది బతికితే దీనితో 71 మంది బతికారు.

అవతలి పక్క వాదనలు నాకు తెలియనివి కావు. కంటి శిబిరం పెడితే సాయంత్రానికి వంద మందికి చూపు వస్తుంది. ఆ ఆనందం ముందు కాగితాల పని ఏపాటిది? శిబిరాలు ఆగకూడదు, నేనూ చందా ఇస్తూనే ఉంటాను. యూనివర్సిటీ ఆవిష్కరణల్లో ఎక్కువ భాగం చివరిదాకా నిలబడవు, ఏళ్ళు పడుతుంది. నిజమే. సొంత కంపెనీలున్న సభ్యులు దీన్ని తమ వ్యాపారానికి వాడుకుంటారన్న అనుమానమూ న్యాయమైనదే. అలాంటివాళ్ళు నిర్ణయాల్లో ఉండకూడదని ముందే రాసుకోవాలి. కానీ తాళం పడ్డ ఆర్వో ప్లాంటులో కూడా డబ్బూ పోయింది, ఏళ్ళూ పోయాయి. దాన్ని మనం వృథా అని ఎప్పుడూ లెక్కగట్టలేదు.

మందుల శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బొమ్మ మన సావనీర్లలో వేసుకుంటాం, ఆయన పేరున అవార్డులు ఇస్తాం. ఆయన జీవితమంతా ల్యాబులో పుట్టింది రోగి దాకా చేర్చడంలోనే గడిచింది. ఆ పనినే ఒక అమ్మాయి మన ముందు పెడితే పది నిమిషాలు ఇచ్చాం.

అందుకని బోర్డును చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే సమావేశంలో చిన్న బృందాన్ని వేయండి. యూనివర్సిటీలో పనిచేసేవాళ్ళు, పేటెంటు లాయర్లు, డాక్టర్లు, ఊళ్ళో రైతుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అందులో ఉండాలి. మహాసభల బడ్జెట్లో ఒక్క విందు ఖర్చు ఇవ్వండి. మొదట రెండే పనులు: ఫ్లోరైడ్ పరీక్ష, పసిబిడ్డల శ్వాస పరికరం. వాటి ఇండియా హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో తేల్చడం, ఆ ల్యాబులకు ఉత్తరం రాయడం, ఒంగోలు, నెల్లూరు వైద్య కళాశాలల్లో ఒప్పుకునే డాక్టర్లను వెతకడం. కాగితాల పని నేను చేస్తాను, జీతం అక్కర్లేదు. ల్యాబుల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. మీ ఆవిష్కరణ కాగితం మా లాంటి ఆఫీసుకు ఇచ్చేటప్పుడే, ఇండియాకు ఏం షరతు పెడతారని అడగండి.

కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి, ఉదయగిరి వైపు కుటుంబాల వాళ్ళు ముందు పేర్లివ్వండి. మీ ఊళ్ళో ఏ పంపు నీళ్ళు ఎవరు తాగుతున్నారో రాసి పంపించండి. ఆ జాబితాతోనే పని మొదలుపెడతాం.