‘మొక్కలు ఏడుస్తాయి’ అని తిరుగుతున్న మెసేజ్ గురించి

ఈమధ్య మళ్ళీ ఆ మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. మొక్కని కోస్తే కేకలు పెడుతుందని, సైంటిస్టులు వాటిని రికార్డు చేశారని, కోసిన గడ్డి వాసన దాని ఏడుపని, అత్తిపత్తి భయంతో ముడుచుకుంటుందని, ప్రేమగా మాట్లాడితే మొక్క ఏపుగా పెరిగి తిడితే వాడిపోతుందని, మన మనసులో మాట కూడా పసిగడుతుందని లై డిటెక్టర్‌తో తేలిపోయిందని. చివర్లో సాక్ష్యానికన్నట్టు జగదీశ్ చంద్ర బోస్ ఫొటో. నాకు మొక్కలంటే ప్రాణం, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. ఇందులో చాలా మాటల వెనక నిజమైన ప్రయోగాలున్నాయి, వాటిలో ఏం తేలిందో మాత్రం మెసేజ్‌లో లేదు.

ముందు కేకల సంగతి. 2023లో టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్ళు టమాటా, పొగాకు మొక్కల పక్కన మైక్రోఫోన్లు పెట్టి చప్పుళ్ళు రికార్డు చేసిన మాట నిజమే. నీళ్ళు అందని మొక్క, కాండం కోసిన మొక్క గంటకి పదుల సార్లు చిటుక్కుమన్నాయి, బాగున్న మొక్క సగటున గంటకి ఒక్కసారి కూడా అనలేదు. ఆ చప్పుడు 40 నుంచి 80 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది, మన చెవికి 20 దాటితే వినపడదు. మరి గొంతూ ఊపిరితిత్తులూ లేని మొక్కలో చప్పుడు ఎక్కడిది? వేరు నుంచి ఆకుదాకా సన్నటి గొట్టాల్లో నీరు తెగకుండా ఒకే ధారగా ఉంటుంది, ఆకుల్లోంచి ఆవిరైపోయే నీరు ఆ ధారని పైకి లాగుతూ ఉంటుంది. కింద నీరు చాలకపోతే లాగుడు ఎక్కువై ధార ఒకచోట పుటుక్కున తెగి గాలి బుడగ పుడుతుంది, ఆ చప్పుడు చాలావరకు దానిదే అని ఆ పరిశోధకులే అంటున్నారు. నాకు దీంట్లో బాగా నచ్చిన విషయం ఇంకోటుంది: ఆకు వాడినట్టు కంటికి కనపడకముందే ఈ చప్పుళ్ళు మొదలవుతాయి, అంటే మొక్కకి దాహం వేసిందని ముందే కనిపెట్టడానికి పనికొస్తాయి. మెసేజ్‌లో ఆ ముక్క లేదు.

గడ్డి వాసన కూడా అంతే. ఆకు నలిగితే కణాల పొరల్లోని కొవ్వు పదార్థాలు ఎంజైమ్‌ల వల్ల ముక్కలై ఆవిరవుతాయి, అదే ఆ పచ్చి వాసన. పురుగు ఆకు కొరికినప్పుడు ఇలాంటి వాసనలు పట్టుకుని, ఆ పురుగుని తినే కందిరీగలు వస్తాయి, పక్క మొక్కలు కూడా ఆ వాసన తగిలి తమ రక్షణ రసాయనాలు సిద్ధం చేసుకుంటాయి. ఇంత పెద్ద ఏర్పాటుని పట్టుకుని ఏడుపు అనేస్తే ఎలా?

అత్తిపత్తి విషయం మీరే దగ్గరగా చూడండి. ఒక్కో చిన్న ఆకు కాడని కలిసేచోట సన్నటి ఉబ్బు ఒకటి ఉంటుంది, కీలు లాంటిది. కొసన ఉన్న ఆకుని గోటితో తాకితే ముందు ఆ జత మూసుకుంటుంది, తర్వాత దాని పక్క జత, ఆ పక్కది, వరసగా, ఎవరో పుస్తకం మూస్తూ వస్తున్నట్టు. తాకిన చోట పుట్టిన విద్యుత్ సంకేతం ఒక్కో కీలుని చేరగానే దానికి ఒక పక్కనున్న కణాల్లోంచి పొటాషియం, వెంటే నీరు బయటికి పోతాయి. ఆ పక్క మెత్తబడుతుంది, ఆకు ముడుచుకుంటుంది. కొన్ని నిమిషాలయ్యాక నీరు తిరిగి నిండి మళ్ళీ విచ్చుకుంటుంది. మొత్తం నీటి ఒత్తిడి మీద నడిచే యంత్రం.

"సంకేతం వెళ్తోంది కదా, అదే నొప్పి కదా" అని అడిగేవాళ్ళున్నారు, న్యాయమైన ప్రశ్నే. 2018లో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళు ఆకు కొరికిన చోట నుంచి కాల్షియం సంకేతం దూరపు ఆకులదాకా పాకడం మెరుస్తూ కనపడేలా వీడియో తీశారు, దాన్ని మొదలుపెట్టేది గ్లూటమేట్, అది మన నరాల్లోనూ పనిచేసే పదార్థమే. అయితే మన విషయమే చూడండి, వేడి గిన్నె తగిలితే చేతిని వెనక్కి లాగేది వెన్నుపాము, నొప్పి తెలిసేది ఆ తర్వాత, సంకేతం మెదడుకి చేరాక. మొక్కకి మెదడు లేదు, నరాల కణం ఒక్కటీ లేదు. గాయానికి స్పందించడం వేరు, బాధపడటం వేరు.

ఇక ప్రేమగా మాట్లాడటం. రెండు కుండీలు పెట్టి ఒకదాన్ని పొగిడి ఒకదాన్ని తిట్టిన వీడియోలు చూశాను, రెండే మొక్కలతో ఏమీ తేలదు, ఒకటి కిటికీకి కాస్త దగ్గరగా ఉన్నా చాలు లెక్క తారుమారవుతుంది. కదలికలు మాత్రం మొక్కకి బాగా తెలుస్తాయి. 2014లో మిస్సోరీ యూనివర్సిటీలో గొంగళిపురుగు ఆకు నమిలేటప్పటి కంపనాలని ఆవ జాతి మొక్కకి వినిపించారు, ఆ తర్వాత నిజంగా పురుగుని వదిలితే ఆ మొక్క ఘాటు రసాయనాలు ఎక్కువ తయారుచేసింది, గాలి కంపనాలు వినిపించిన మొక్క అలా చేయలేదు. మాటలకి అర్థం తెలిసి కాదు, నమిలే కంపనం వేరుగా ఉంటుంది కాబట్టి. పైగా ముద్దుగా రోజూ నిమిరితే జరిగేది మెసేజ్‌కి సరిగ్గా రివర్స్: నిమిరిన నారు సాధారణంగా పొట్టిగా, కాండం గట్టిగా తయారవుతుంది, ఈదురుగాలి తగిలే చోట చెట్టు పెరిగినట్టు.

లై డిటెక్టర్ కథ 1966 నాటిది, క్లీవ్ బాక్‌స్టర్ అనే పాలిగ్రాఫ్ నిపుణుడు తన ఆఫీసులోని డ్రసీనా అనే మొక్క ఆకుకి తీగలు తగిలించి, ఆకుని కాల్చాలని మనసులో అనుకోగానే ముల్లు కదిలిందన్నాడు. తర్వాత వేరేవాళ్ళు జాగ్రత్తగా మళ్ళీ చేసి చూస్తే ఏమీ రాలేదు. ఆకు తడి కాస్త మారినా, తీగ కదిలినా ఆ ముల్లు ఊగుతుంది.

చివరిగా బోస్. మొక్కల్లో విద్యుత్ సంకేతాలున్నాయని ఆయన కొలిచి చూపించారు, అది ఈనాటికీ నిలిచే ఉంది. వాటిని జంతువుల నరాలతో పోల్చారు కూడా, కానీ ఆ సంకేతాలు నరాల్లో కాదు, మొక్కలోని మామూలు సజీవ కణాల గుండానే వెళ్తాయని ఇప్పుడు తెలుసు. కంటికి కనపడని మొక్క ఎదుగుదలని వేల రెట్లు పెద్దది చేసి చూపడానికి ఆయన క్రెస్కోగ్రాఫ్ అనే యంత్రమే తయారుచేశారు. అంత ఓపిగ్గా కొలిచిన మనిషి ఫొటోని ఎవరూ కొలవని మాటల కింద అంటించి ఫార్వార్డ్ చేయకండి.