ఐదులో మూడు

మంచు కొండల్లో శీతాకాలపు ప్రయాణానికి బయలుదేరేవారు పొద్దున్నే ఒక అంకె చూసుకుంటారు. మంచు చరియలు విరిగిపడే ముప్పు ఆ రోజు ఎంతుందో 1 నుంచి 5 వరకూ చెప్పే అంకె అది. ఐరోపా దేశాలు 1993లో ఈ ఉమ్మడి కొలమానానికి ఒప్పుకున్నాయి. 5 కనిపిస్తే ఎవరూ గడప దాటరు. 4 అన్నా చాలామంది ఆగిపోతారు. 3 అంటే మాత్రం, ఐదులో మూడే కదా, మధ్యస్థమే కదా అని బయలుదేరతారు. ఆల్ప్స్‌లో సరదా ప్రయాణాలకు వెళ్లి చరియల కింద చనిపోయినవారిలో అన్ని అంకెలకన్నా ఎక్కువమంది పోయింది ఆ 3 ఉన్న రోజుల్లోనే.

ఆ అంకెను మధ్యస్థం అనుకోవడమే పొరపాటు. మెట్టు మెట్టుకీ ముప్పు ఇంతలంతలవుతుంది. 3 అన్నారంటే, నిటారు వాలు మీద ఒక్క మనిషి బరువుకే చరియ కదిలిపోవచ్చని అర్థం.

పైకి ఒకటే తెల్లటి దుప్పటిలా కనిపించినా మంచు పొరలు పొరలుగా ఉంటుంది. చలి ముదిరిన రోజుల్లో లోపలి పొర ఒకటి పంచదార పలుకుల్లా మారిపోతుంది. ఆ పలుకులకు ఒకదాన్నొకటి పట్టుకునే గుణం ఉండదు. దాని మీద కొత్త మంచో, గాలి మోసుకొచ్చి దట్టించిన మంచో గట్టి పలకలా పేరుకుంటుంది. కాలు మోపగానే కింది పొర కుప్పకూలి, పలక మొత్తం పగిలి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఇది ఎక్కువ. స్కీయింగ్‌కు అందరూ ఇష్టపడే వాలూ అదే కావడం దురదృష్టం.

ప్రాణాలు తీసే ప్రమాదాల్లో పదింట తొమ్మిదిసార్లు చరియను కదిలించింది అందులో చిక్కుకున్న మనిషో, అతని జట్టులో మరొకరో. ఆకాశం నుంచి రాలే మంచుకూ కొండ నుంచి ఊడిపడే మంచుకూ కలిపి ‘హిమపాతం’ అనే ఒకే మాట వాడటం వల్ల ఈ సంగతి మరుగున పడుతోంది. వాన పడ్డట్టే అదీ పడిందనిపిస్తుంది.

మంచు ఆగి ఎండ కాసిన మొదటి రోజు అన్నిటికన్నా మోసకారి. గాలి చాటు వాలుల్లో, కొత్త మంచు కురవకపోయినా, గాలి మోసుకొచ్చి పడేసే మంచుతో బరువు పెరుగుతుంది. అడుగు వేసినప్పుడు లోపలి నుంచి ‘ధబ్బు’మన్నా, కాళ్ల దగ్గర నుంచి పగులు పరుగెత్తినా, పక్క వాలులో తాజాగా చరియ జారిన గుర్తు కనిపించినా ఇక అక్కడ ఉండకూడదు. ముందు వెళ్లినవారి అడుగుజాడలు భరోసా కావు. పలక పల్చబడిన చోట కాలు పడేది పదో మనిషిదే కావచ్చు.

కూరుకుపోయినవారిని పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటేసరికి ముగ్గురిలో ఒకరు మిగలడం కష్టం. అంత తక్కువ వ్యవధిలో హెలికాప్టర్ రాదు, కాపాడాల్సింది పక్కనున్నవారే. అందుకే సంకేతాలు పంపే బీకన్, మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార జట్టులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. వాటిని వాడటం చేతులకు అలవాటై ఉండాలి.

ఈ అంకెను ప్రకటించే బులెటిన్లు ఇచ్చే సంస్థలను మేం కోరేది ఒకటే: అంకెతో పాటు కారణాన్నీ అంతే పెద్దగా చెప్పండి. ఏ దిక్కు వాలు, ఎంత ఎత్తున, ఏ పొర బలహీనంగా ఉందన్నదే ప్రయాణికుడికి పనికొచ్చేది. యాత్రలు నడిపేవారిని అడిగేది ఇంకొంచెం కష్టమైనది. ముప్పు వల్ల ప్రయాణం రద్దయితే కట్టిన డబ్బు వెనక్కి ఇస్తామని మొదటే రాసివ్వాలి. ఇంత ఖర్చుపెట్టి ఇంత దూరం వచ్చామన్న ఆలోచనే మనుషుల్ని ఆ వాలు మీదికి నెడుతోంది. జట్టులో ఒక్కరు వెనక్కి తిరుగుదామన్నా, మిగతావారు వాదించకుండా తిరగాలనే ఒప్పందం కూడా బయలుదేరకముందే కుదరాలి.